వైట్ వైన్ సంగ్రియా: మే నెల ఎండలో, మన మామిడితో కుదురుతుందా?

ఎంఆర్‌పల్లి_అమ్ము
మే రెండో ఆదివారం మా ఆయన ఇంజినీరింగ్ బ్యాచ్ వాళ్ళు కుటుంబాలతో మా ఇంటికి వస్తున్నారు. పెద్దవాళ్ళే ఇరవై మంది దాకా, పిల్లలు వేరే. ప్రతిసారీ ఒకటే తంతు. మగవాళ్ళు మేడ మీద విస్కీ పెట్టుకుని కూర్చుంటారు, మేము కింద వంటింట్లో చికెన్ వేపుడు ప్లేట్లు పైకి పంపిస్తూ ఉంటాం. తొమ్మిదింటికి పైన గొంతులు పెరుగుతాయి, పదింటికి మేము పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఉంటాం. ఇక కలిసింది ఎక్కడ? ఈసారి అందరం ఒకేచోట కూర్చుని, తింటూ మెల్లగా తాగే చల్లటిది ఒకటి చేయాలని పట్టుదలగా ఉన్నాను. వైట్ వైన్ సంగ్రియా అనుకున్నాను, అంటే వైన్‌లో పండ్ల ముక్కలు నానబెట్టి చల్లగా ఇచ్చేది.

యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా పీచ్, స్ట్రాబెర్రీ, గ్రీన్ ఆపిల్. మే నెలలో తిరుపతిలో మంచి స్ట్రాబెర్రీ ఎక్కడ దొరుకుతుంది? వీధి మొదట్లో మామిడికాయల బండ్లు వరసగా ఉంటే వాటిని వదిలేసి దాని కోసం తిరగడం నాకు నచ్చలేదు. మన పండ్లతో చేసినవాళ్ళు చెప్పండి. ఏ వైన్, ఎన్ని గంటలు నానాలి, ఐస్ వేయాలా వద్దా? సగం మంది మందు ముట్టరు, వాళ్ళకేం పెట్టాలి?

బైరాగిపట్టెడ_బాబు
ఇంత శ్రమ ఎందుకక్కా, ఒక బీరు కేసు తెప్పిస్తే పని అయిపోతుంది కదా.

ఎంఆర్‌పల్లి_అమ్ము
మా ఆడవాళ్ళలో బీరు ఎవరూ తాగరు బాబూ, చేదంటారు. మళ్ళీ పైన మీరు, కింద మేము.

గ్రీమ్స్‌పేట_గీత
అమ్మూ, నీ బాధ మా ఇంట్లోదే. చేయి. నేను చేశాను, బేనీషా, అదే బంగినపల్లి, గుజ్జు తీసి వైన్‌లో కలిపేశాను. రంగు చూస్తేనే సగం మంది పడిపోయారు. మామిడి అంటే బేనీషానే, ఇంకో మాట లేదు.

కౌంటర్_వెనక
మాది చిత్తూరే. బెంగళూరులో బార్ కౌంటర్ వెనక చాలాకాలం పని చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు వైన్. తీపి లేని, పులుపు తెలిసే వైట్ వైన్ కావాలి. సీసా మీద సావిన్యాన్ బ్లాంక్ అని ఉన్నది చూడండి. సులా, గ్రోవర్ జంపా లాంటి మన కంపెనీలవి సరిపోతాయి, విదేశీ సీసా దండగ. షెనిన్ బ్లాంక్ కూడా మంచిదే కానీ మన దగ్గర చేసేవాటిలో కొంచెం తీపి మిగిలి ఉంటుంది. దానికి పుల్లటి పండ్లు వేసి, చక్కెర మానేయాలి. చెక్క పీపాల్లో ఉంచిన షార్డనే మాత్రం వద్దు. ఆ చెక్క వాసన పండ్ల వాసనను నొక్కేస్తుంది.

750 మిల్లీలీటర్ల సీసాకి లెక్క ఇది. పండ్ల ముక్కలు 300 గ్రాములు, కమలా రసం 100 మిల్లీలీటర్లు, ఒక నిమ్మకాయ, చక్కెర పాకం రెండు చెంచాలు. ఇవన్నీ కలిపి ఫ్రిజ్‌లో నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచాలి. సోడా 200 మిల్లీలీటర్లు, అది గ్లాసుల్లో పోసే ముందే కలపాలి. సీసాకి 180 మిల్లీలీటర్ల గ్లాసులు ఆరు వస్తాయి. తాగేవాళ్ళు పది పన్నెండు మంది అయితే నాలుగు సీసాలు చాలు, మనిషికి రెండు గ్లాసులు.

చక్కెర పొడి నేరుగా వేయకండి. చల్లటి వైన్‌లో కరగదు, అడుగున ఇసుకలా పేరుకుంటుంది. పాకం కాచి చల్లార్చి పోయండి.

గీత గారూ, గుజ్జుతో రంగు వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ సోడా పోయగానే నురగ పొంగి గ్లాసు బయటికి వస్తుంది. అరగంటకి గుజ్జు కిందికి, వైన్ పైకి విడిపోతుంది. అప్పుడది సంగ్రియా కాదు, మామిడి రసంలో వైన్.

గ్రీమ్స్‌పేట_గీత
మామిడి రసంలో వైన్ అయితే ఏమైంది సార్, బాగుంది కదా 🙂 మా వాళ్ళు గిన్నె అడుగు గీకి మరీ తాగారు.

చంద్రగిరి_టు_బార్సిలోనా
ఇక్కడి నుంచి నా మాట కూడా. సంగ్రియా అంటే స్పెయిన్ వాళ్ళు రోజూ తాగేదనుకుంటారు. నేను చూసినంతలో అది ఎక్కువగా పర్యాటకుల టేబుల్ మీదే ఉంటుంది, లేదంటే ఇంటికి పదిమంది వచ్చినప్పుడు పెద్ద గిన్నెలో చేస్తారు. మామూలు ఎండాకాలం మధ్యాహ్నం వీళ్ళు తాగేది తింతో దె వెరానో, రెడ్ వైన్‌లో తీపి సోడా, అంతే. అసలు సంగ్రియాకి కూడా రెడ్ వైనే మొదట. తెల్లదాన్ని సంగ్రియా బ్లాంకా అంటారు. ఈ కాతలోనియా ప్రాంతంలో బుడగలు వచ్చే కావా అనే వైన్‌తో కూడా చేస్తారు.

అమెరికాకి ఇది బాగా పరిచయమైంది 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో, స్పెయిన్ పెవిలియన్ నుంచి. యూరప్‌లో 2014 నుంచి చట్టం కూడా ఉంది. స్పెయిన్, పోర్చుగల్‌లో తయారైనదానికే సీసా మీద ఉత్త ‘సంగ్రియా’ అని రాసి అమ్మే హక్కు. ఆల్కహాల్ 4.5 శాతం నుంచి 12 శాతం లోపల ఉండాలి.

అమ్ము గారికి పనికొచ్చే మాట ఒకటి. ఇక్కడి పల్లెల్లో వైన్‌లో పీచ్ ముక్కలు నానబెట్టుకుని తినడం పాత అలవాటు. దానికి మరీ మెత్తబడని, కోస్తే అంచు నిలబడే పీచ్ తీసుకుంటారు. మామిడిలో అలాంటిది ఏదో మీరే వెతకాలి.

బైరాగిపట్టెడ_బాబు
అన్నా, అక్కడ మన సంగటి దొరుకుతుందా?

చంద్రగిరి_టు_బార్సిలోనా
రాగిపిండి ఊరి నుంచి వస్తుంది తమ్ముడూ, సంగటి నేనే కెలుక్కుంటాను.

దామలచెరువు_తోట
పీచ్ లాంటి మామిడి అడిగారు కదా, తోతాపురి. మన వాళ్ళ నోట్లో బెంగళూరా. ముక్కు తిరిగిన కాయ. జిల్లాలో మామిడి తోటల్లో ఎక్కువ భాగం అదే, గుజ్జు ఫ్యాక్టరీలన్నీ దాని మీదే నడుస్తాయి. బేనీషా కోస్తే చేతికి రసం కారుతుంది, వైన్‌లో రెండు గంటలకే అంచులు కరిగి గుజ్జు తేలుతుంది. తోతాపురి దోరకాయ కోసి చూడండి. లోపల లేత పసుపు, టెంక పక్కన మాత్రం కాస్త ముదురు రంగు. కత్తి దిగుతుంటే కరకర చప్పుడు వస్తుంది. పులుపు, తీపి రెండూ ఉంటాయి. రాత్రంతా నానినా ముక్క ముక్కగానే ఉంటుంది.

ఇంకో సంగతి. కాయ కోసే ముందు తొడిమ దగ్గర కొంచెం కోసి తలకిందులుగా పెట్టి సొన కారిపోనివ్వండి, తర్వాత నీళ్ళలో గంట వేసి బాగా కడగండి. సొన అంటిన ముక్క ఒక్కటి పడినా గొంతులో గరగర, వైన్ మొత్తానికి జిగురు వాసన. తొక్క తీసేయండి.

మే రెండో వారానికి తోతాపురి పూర్తిగా పండదు, పండింది జూన్‌లోనే. మీకు కావాల్సింది దోరకాయే కాబట్టి సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడే నిగనిగలాడే పసుపు రంగులో, వాసన లేకుండా కనిపించే కాయల జోలికి పోవద్దు. అది కార్బైడ్ పని. కార్బైడ్‌తో పండించడం నిషేధం, అయినా బండ్ల మీదికి వస్తూనే ఉంది.

గ్రీమ్స్‌పేట_గీత
తోట గారూ, బెంగళూరా కాయ అంటే ఉప్పుకారం చల్లుకుని తినేది కదా, దాన్ని వైన్‌లో వేయడం ఏంది?

దామలచెరువు_తోట
ఉప్పుకారం తట్టుకునే కాయ కాబట్టే వైన్‌ని కూడా తట్టుకుంటుందమ్మా. 2025లో దీనికి ధర పడిపోయి ఎంత ఏడ్చామో ఇక్కడ చాలామందికి తెలుసు. ఫ్యాక్టరీ ఎనిమిది రూపాయలు, పైన ప్రభుత్వం నాలుగు రూపాయలు, కిలోకి పన్నెండు అన్నారు. ట్రాక్టర్లు రోడ్ల మీద వరసగా నిలబడ్డాయి. ఆ కాయ నలుగురు ఇష్టంగా తినేలా ఇంట్లో ఏ రూపంలో వాడినా నాకు సంతోషమే.

కౌంటర్_వెనక
తోట అన్నా, మీ మాటకి నా ఓటు. బెంగళూరులో మేము కూడా మామిడి సంగ్రియాకి తోతాపురి వాడేవాళ్ళం. గీత గారి కోసం మధ్యేమార్గం ఒకటి ఉంది. నానబెట్టేది తోతాపురి, గ్లాసులో పోసేటప్పుడు పైన నాలుగు బేనీషా ముక్కలు. వాసన బేనీషాది వస్తుంది, కొరికితే తోతాపురి తగులుతుంది.

గ్రీమ్స్‌పేట_గీత
ఇది ఒప్పుకుంటాను.

ఎంఆర్‌పల్లి_అమ్ము
ఇది బాగుంది! మామిడి తేలిపోయింది. మిగతా పండ్లు? సాత్తుకుడి (బత్తాయి) రసం వేయొచ్చా, కమలాలు ఇప్పుడు అంత బాగా లేవు.

పలమనేరు_పద్మ
సాత్తుకుడి రసం పిండి పెట్టుకోవద్దు అమ్మూ. పిండిన వెంటనే తియ్యగా ఉంటుంది, గంట గడిస్తే చేదెక్కుతుంది. ఆరు గంటలు వైన్‌లో నానితే ఆ చేదు మొత్తానికి పడుతుంది. వేయాలంటే చివర్లో, సోడాతో పాటే పిండు. నిమ్మకాయ అయినా అంతే, రసం వేయి, చక్రాల్లా కోసిన ముక్కలు మాత్రం వడ్డించే ముందు వేయి. తొక్క కింద తెల్లటి పొర ఉంటుంది కదా, నానితే అదీ చేదే.

పుచ్చకాయ వద్దు, స్పాంజిలా అయిపోయి రుచిని నీళ్ళు చేస్తుంది. బొప్పాయి, అరటి, సపోటా పేరు కూడా ఎత్తకు. కర్బూజ వాసన బాగుంటుంది కానీ చివరి గంటలోనే. అనాసపండు బ్రహ్మాండం, తోతాపురితో సమానంగా నిలబడుతుంది. దోర జామ పలచగా కోసి గింజలు తీసేసి వేయి. దానిమ్మ గింజలు వేస్తే వైన్ లేత గులాబీ రంగుకి తిరుగుతుంది, అది నీ ఇష్టం.

కుప్పం_కుర్రోడు
ముంజలు? లేత ముంజలు వైన్‌లో వేస్తే లిచీ లాగా ఉంటాయని నాకు నమ్మకం.

పలమనేరు_పద్మ
ముంజలకి సొంత రుచి తక్కువ, వైన్ రుచినే పట్టుకుంటాయి. లోపలి నీళ్ళు బయటికి రాకుండా పై పొర మాత్రం జాగ్రత్తగా తీయాలి. చూడటానికి అందంగా ఉంటాయి, గ్లాసుకి ఒకటి వేయొచ్చు.

నన్నారి_సోడా
ఐస్ సంగతి ఎవరూ చెప్పలేదు. మే నెలలో మన మేడ మీద రాత్రి ఎనిమిదికి కూడా నేల కాలుతూనే ఉంటుంది. ఐస్ ముక్క వేస్తే పది నిమిషాల్లో నీళ్ళు. ఐస్ బదులు పండ్లనే గడ్డ కట్టించండి. ముందురోజు రాత్రి తోతాపురి ముక్కలు, అనాస ముక్కలు, గింజలేని ద్రాక్ష ప్లేట్‌లో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టాలి. గట్టిపడ్డాక డబ్బాలోకి. గ్లాసులో నాలుగైదు వేస్తే అవే ఐస్. కరిగేకొద్దీ రుచి పెరుగుతుంది, పలచబడదు.

కౌంటర్_వెనక
నూటికి నూరు పాళ్ళు. నానబెట్టే పండ్లు వేరు, గడ్డ కట్టించే పండ్లు వేరుగా పెట్టుకోండి. ఒక్కసారి గడ్డ కట్టిన ముక్క కరిగాక మెత్తబడుతుంది, దాన్ని నానబెట్టడానికి వాడొద్దు. సోడా సీసాలు కూడా ముందే ఫ్రిజ్‌లో ఉండాలి. వెచ్చటి సోడా పోస్తే గ్యాస్ అంతా ఒకేసారి పోతుంది.

బైరాగిపట్టెడ_బాబు
బ్రాందీ వేయరా? నేను చూసిన వీడియోల్లో అందరూ వేస్తున్నారు. ఒక క్వార్టర్ (180 మిల్లీలీటర్లు) వేస్తే మగవాళ్ళు కూడా ఒప్పుకుంటారు, లేకపోతే జ్యూస్ అంటారు.

కౌంటర్_వెనక
వేస్తారు బాబూ, సీసాకి 30 మిల్లీలీటర్లు, వాసన కోసం. లెక్క చూడు. 12 శాతం వైన్ సీసాలో ఆల్కహాల్ 90 మిల్లీలీటర్లు. రసం, సోడా కలిశాక మొత్తం ఎనిమిదిన్నర శాతానికి దిగుతుంది. 30 బ్రాందీ వేస్తే తొమ్మిదిన్నర దాకా పోతుంది. క్వార్టర్ మొత్తం వేస్తే 13 శాతం, అంటే మామూలు వైన్ కంటే ఘాటు, పైగా తియ్యగా ఉంటుంది కాబట్టి నాలుక పట్టుకోదు. జ్యూస్ అనుకుని గడగడా తాగేవాళ్ళు లేచి నిలబడలేరు.

బ్రాందీ లేకుండా అయినా రెండు గ్లాసుల సంగ్రియా అంటే ఒక పెద్ద మైల్డ్ బీరు సీసా కింద లెక్క. ఇది వచ్చినవాళ్ళందరికీ ముందే చెప్పాలి. ముఖ్యంగా మొదటిసారి తాగేవాళ్ళకి.

ఎంఆర్‌పల్లి_అమ్ము
బ్రాందీ వద్దు. నేను కోరుకునేదే గొంతులు పెరగకూడదని. జ్యూస్ అన్నవాళ్ళు ఇంకో గ్లాసు జ్యూస్ తాగుతారు.

తిరుచానూరు_శ్రీ
నేను తాగను, మా ఇంట్లో ఎవరూ తాగరు. ఇది స్వామివారి ఊరు. ఇంట్లో చేసుకోవడం మీ ఇష్టం, కాదనను. పెద్దవాళ్ళు, పిల్లలు చూస్తుండగా మేడ మీద చేయడం అవసరమా అని అడుగుతున్నాను, అంతే.

ఎంఆర్‌పల్లి_అమ్ము
మీ మాట నాకు తప్పుగా అనిపించలేదండీ. అందుకే శనివారం కాకుండా ఆదివారం పెట్టాను, గంగ జాతర వారం కూడా తప్పించాను. మాది సొంత ఇల్లు, చుట్టుపక్కల మేడల నుంచి కనబడకుండా షెడ్డు ఉంది. ఎవరికీ కనబడకుండా విస్కీ తాగి తూలడం కంటే, భోజనంతో రెండు గ్లాసులు తాగి పిల్లలతో మాట్లాడుతూ కూర్చోవడమే నాకు మర్యాదగా అనిపిస్తుంది.

తిరుచానూరు_శ్రీ
సరేనమ్మా. ఒక్క విన్నపం. వీడియోల్లో బేసిల్ ఆకు వేయమంటారు, దొరక్కపోతే తులసి వేయమని కూడా ఎక్కడో చదివాను. దయచేసి తులసి మాత్రం వేయవద్దు.

గ్రీమ్స్‌పేట_గీత
అది అసలు జరగదండీ, మా ఇంట్లో అయితే చేతులే రావు. పుదీనా ఉంది కదా.

పలమనేరు_పద్మ
పుదీనా కూడా నలపకూడదు, నలిపితే పసరు వాసన. రెమ్మను అరచేతిలో పెట్టి ఇంకో చేత్తో ఒక్క దెబ్బ కొట్టి గ్లాసులో నిలబెట్టాలి. ముక్కు దగ్గరికి గ్లాసు వచ్చినప్పుడు ఆ వాసనే ముందు తగులుతుంది.

కుప్పం_కుర్రోడు
వైన్ మాకు బెంగళూరు దగ్గర, రకాలు ఎక్కువ. నాలుగు సీసాలు నేను వచ్చేటప్పుడు పట్టుకొస్తా, బస్సు ఖర్చు నాది.

నన్నారి_సోడా
వద్దు తమ్ముడూ. పర్మిట్ లేకుండా వేరే రాష్ట్రం సీసాలు తెస్తే ఇక్కడ ఎక్సైజ్ కేసు అవుతుంది. నాలుగు సీసాల కోసం అంత టెన్షన్ ఎందుకు? 2024 అక్టోబర్ నుంచి ప్రైవేటు షాపులు మళ్ళీ వచ్చాక తిరుపతిలో పెద్ద షాపుల్లో వైన్ అడిగితే తెప్పిస్తున్నారు. వారం ముందే చెప్పి పెట్టుకుంటే చాలు.

కౌంటర్_వెనక
షాపులో ఒకటి చూసుకోండి అమ్ము గారూ. వైట్ వైన్‌కి వేడి పడదు. ఏసీ లేని షాపులో ఎండ తగిలే అరలో నెలల తరబడి నిలబెట్టిన సీసా అయితే లోపల ఉడికిపోయి ఉంటుంది. సీసాని వెలుతురుకి పెట్టి చూడండి. లేత గడ్డి రంగు ఉండాలి, ముదురు తేనె రంగు వచ్చిందంటే వద్దనండి. మూత తెరిస్తే ఉడికిన ఆపిల్ వాసన రాకూడదు. నాకు తెలిసినవాళ్ళ పెళ్ళిరోజు పార్టీలో పన్నెండు సీసాలు ఇలాగే పోయాయి, పండ్లన్నీ కలిపాక గానీ తెలియలేదు. ప్రతి సీసా తెరిచి ముందు ఒక చుక్క నోట్లో వేసుకుని, తర్వాతే పెద్ద గిన్నెలో పోయండి.

బైరాగిపట్టెడ_బాబు
పెద్ద గిన్నె అంటే గుర్తొచ్చింది. మా అవ్వ ఇత్తడి బిందె ఉంది, చింతపండుతో తోమితే బంగారంలా మెరుస్తుంది. దాంట్లో పోసి గరిటెతో వడ్డిస్తే ఫొటోలు ఎలా ఉంటాయో ఊహించండి.

పలమనేరు_పద్మ
బాబూ, చింతపండు పులుపుకే మెరిసే బిందెలో వైన్ పులుపు ఆరు గంటలు ఉంటే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. కళాయి లేని ఇత్తడి, రాగి, అల్యూమినియం ఏదీ వద్దు. లోహం వైన్‌లోకి దిగుతుంది. గాజు, లేదంటే మన స్టీలు గిన్నె. మట్టికుండ చల్లగా ఉంచుతుంది కానీ వైన్‌ని పీల్చేసుకుంటుంది, ఆ కుండలో మళ్ళీ మంచినీళ్ళు పోయలేం.

గ్రీమ్స్‌పేట_గీత
ఊరగాయ జాడీ? లోపల నునుపుగా ఉంటుంది, పులుపు ఏమీ చేయదు.

పలమనేరు_పద్మ
కొత్త జాడీ అయితే పనికొస్తుంది. వాడిన జాడీ ఎన్నిసార్లు కడిగినా మూత తీస్తే ఆవపిండి గుప్పుమంటుంది.

బైరాగిపట్టెడ_బాబు
సరే, బిందెలో పూలు పెట్టుకుంటాం 😄

మందులషాపు_మామ
నా వంతు మాట కూడా వినండి. వచ్చేవాళ్ళలో మెట్రోనిడజోల్ మాత్రలు వాడుతున్నవాళ్ళు, అంటే విరేచనాలకి, చిగుళ్ళ వాపుకి డాక్టర్ రాసేవి, ఒక్క గ్లాసు కూడా తాగకూడదు. కోర్సు అయిపోయాక కూడా మూడు రోజులు ఆగాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో తాగితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు, అది రాత్రి నిద్రలో కూడా జరగొచ్చు. నిద్రమాత్రలవాళ్ళు, గర్భిణులు ముట్టకూడదు. అందుకే ముందు తిండి పెట్టండి, తర్వాత గ్లాసు.

ఇంకోటి, మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మందు అమ్మకూడదు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఎవరైనా తల్లిదండ్రులతో వస్తే వాళ్ళకి పోయకండి.

ఎంఆర్‌పల్లి_అమ్ము
మామా, చాలా పనికొచ్చే మాట. మా వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు ఇద్దరున్నారు. తిండికి ఏం పెట్టమంటారు అందరూ? నాటుకోడి పులుసు, సంగటి అనుకున్నాను.

కౌంటర్_వెనక
పులుసు భోజనానికి పెట్టండి, గ్లాసుతో వద్దు. కారం ఎక్కువైతే ఆల్కహాల్ దాన్ని ఇంకా మండిస్తుంది, వైన్ రుచి ఒక్కటీ తెలియదు. గ్లాసుతో ఉప్పగా ఉండేవి ఉండాలి.

దామలచెరువు_తోట
ఉడకబెట్టిన చెనక్కాయలు! ఉప్పు నీళ్ళలో తొక్కతో ఉడికించినవి.

గ్రీమ్స్‌పేట_గీత
మిరియాల చేప వేపుడు, కారం తగ్గించి. నిమ్మరసం పైన. నా మాట నమ్ము అమ్మూ, మామిడి సంగ్రియాకి చేప లాంటి జోడీ లేదు.

నన్నారి_సోడా
తాగని పదిమంది సంగతి అందరూ మరిచిపోయారు. నా పేరు చూస్తే తెలుస్తుంది కదా ఏం చెప్పబోతున్నానో. వాళ్ళకి కూల్‌డ్రింక్ సీసా ముందు పెట్టి వదిలేయొద్దు. మన నన్నారితో, అంటే సుగంధి వేళ్ళ సిరప్‌తో, వాళ్ళకీ ఒక గిన్నె చేయండి. అదే తోతాపురి, అదే అనాస, అదే పుదీనా. లీటరు చల్లటి నీళ్ళకి నన్నారి సిరప్ 150 మిల్లీలీటర్లు, మూడు నిమ్మకాయలు, చిటికెడు ఉప్పు వేసి పండ్లు రెండు గంటలు నాననిచ్చి, చివర్లో సోడా. నానబెట్టిన సబ్జా గింజలు గ్లాసుకి ఒక చెంచా. వేళ్ళతో ఇంట్లో కాచిన సిరప్ దొరికితే మరీ మంచిది. షాపులో కొన్నవాటిలో కొన్నింటికి వట్టి ఎసెన్సు వాసనే ఉంటుంది. మంచిదాన్ని మూత తీస్తే తడి మట్టి, చెట్టు బెరడు కలిసిన వాసన వస్తుంది.

గ్లాసులు కూడా ఒకే రకం పెట్టండి. ఎవరు ఏం తాగుతున్నారో చూసి ఎవరూ ఎవర్నీ అడగని పరిస్థితి ఉండాలి. తాగనివాళ్ళు పక్కకి జరిగి కూర్చునేది అక్కడే మొదలవుతుంది.

తిరుచానూరు_శ్రీ
నన్నారి గిన్నెకి నేను కూడా రావచ్చా అమ్మా? 🙂

ఎంఆర్‌పల్లి_అమ్ము
తప్పకుండా రండి, మీ ఇంట్లో అందర్నీ తీసుకుని రండి!

నన్నారి అక్కా, ఒకే రకం గ్లాసుల మాట చాలా బాగా చెప్పారు. పిల్లలు పొరపాటున తీసుకోకుండా గిన్నెలు మాత్రం వేరువేరు చోట్ల పెడతాను. వైన్ గిన్నె షెడ్డు లోపల బల్ల మీద, నన్నారిది బయట.

మందులషాపు_మామ
పిల్లల గురించి ఒకటి. గ్లాసు అడుగున మిగిలే పండ్ల ముక్కల్లో మందు బాగా పట్టి ఉంటుంది. పెద్దవాళ్ళు గ్లాసు బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి పోతారు, పిల్లలు మామిడి ముక్క కనబడగానే తీసుకుని తింటారు. ఖాళీ గ్లాసులు ఎప్పటికప్పుడు తీసేసే పని ఒకరికి అప్పజెప్పండి.

చంద్రగిరి_టు_బార్సిలోనా
ఊరి బయట నుంచి వచ్చేవాళ్ళు మర్నాడు కొండకి పోతారేమో, వాళ్ళకి కూడా చెప్పండి. మిగిలిన సీసా కారు డిక్కీలో మరిచిపోతే అలిపిరి తనిఖీలో ఆపేస్తారు. తిరుమలలో మందు పూర్తిగా నిషేధం, తెలియక తెచ్చాం అంటే వినరు.

ఎంఆర్‌పల్లి_అమ్ము
మంచిమాట, ఇద్దరు నిజంగానే సోమవారం దర్శనానికి టికెట్లు పెట్టుకున్నారు. సీసాలు ఇంటి గేటు దాటవు. బండ్లు నడిపేవాళ్ళకి నన్నారే, ఇది మా ఆయన స్వయంగా గ్రూపులో పెట్టేశాడు.

మిగిలిపోతే మర్నాటికి దాచొచ్చా?

కౌంటర్_వెనక
సోడా కలపనిది అయితే పండ్లు వడకట్టి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచొచ్చు. సోడా కలిపింది పారబోయడమే. అందుకే సోడా ఒకేసారి గిన్నెలో పోయకుండా జగ్గుకి జగ్గు కలపండి.

పలమనేరు_పద్మ
మిగిలిన పండ్లు మాత్రం గేటు బయట చెత్తలో పడేయకు అమ్మూ. మన వీధుల్లో ఆవులు తెల్లారేసరికి వచ్చి ఆ సంచి చించుతాయి. గొయ్యి తీసి మట్టి కప్పేయి, లేదంటే తడిచెత్త డబ్బాలో మూత బిగించి బండి వచ్చినప్పుడు నేరుగా చేతికివ్వు.

దామలచెరువు_తోట
కాయలు నా దగ్గర్నుంచి పంపిస్తానమ్మా. దోరవి ఏరి ఒక పెట్టె, బేనీషా ఒక చిన్న పెట్టె. శుక్రవారం సాయంత్రం మా వాడు తిరుపతి మార్కెట్‌కి వస్తాడు, అడ్రసు నాకు మెసేజ్‌లో పెట్టండి. పెట్టె రాగానే మూత తీసి గాలి తగలనివ్వండి, లేకపోతే ఆదివారానికి తోతాపురి దోర దాటిపోతుంది.

ఎంఆర్‌పల్లి_అమ్ము
మెసేజ్ పెట్టాను అన్నా, ధర కూడా చెప్పండి. ఊరికే తీసుకోను.